శాంతికుమార్ గారి ‘ఇల్లు’ పాఠం

తార్నాకలో శాంతికుమార్ గారి ముందు ‘ఇల్లు’ అన్న మాట ఎత్తినవాడు ఆ పూట వేళకు సొంతింటికి చేరడు. యూనివర్సిటీలో ఆయన జర్మన్ చెబుతారు. ఇంగ్లీషువాడి హౌస్, జర్మన్‌వాడి హౌస్, స్వీడన్‌వాడి హూస్, అన్నీ ఒక్క తల్లి బిడ్డలేనని ఎవరికో ఒకరికి చెప్పందే ఆయనకు కాఫీ దిగదు.

కూరగాయల కాశమ్మ ఒకసారి "ఇంట్ల అమ్మ ఉన్నదా సారూ?" అని అడిగింది. గంట గడిచేసరికి బుట్టలో తోటకూర వాడిపోయింది, కాశమ్మ మాత్రం పండితురాలైంది.

"జర్మనోళ్లకు ఒకటైతే హౌస్, రెండైతే హోయ్‌జర్ అంట! స్వీడన్ల ఒకటైనా హూసే, పదైనా హూసే," అని లాలాపేట్ దాకా చెప్పుకుంటూ పోయింది.

ఆయన శిష్యుడు లక్ష్మీనర్సయ్యకు ఈ పాఠం కంఠతా వచ్చు. అవి తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులు. ఊరేగింపుల్లో "ఆంధ్రోళ్లు వాపస్ పోవాలె!" అని అందరికంటే గట్టిగా అరిచేది అతనే. గుంటూరు నుంచి వచ్చిన సార్ ఇంటి ముందు ఇంకాస్త గట్టిగా అరిచేవాడు.

ఒక మధ్యాహ్నం క్యాంపస్‌లో లాఠీలు లేచాయి. లక్ష్మీనర్సయ్య పరుగెత్తి, తెరిచి ఉన్న తలుపులోకి దూరాడు. చూస్తే సార్ ఇల్లే! వెనకాలే గేటు దగ్గర ఇన్‌స్పెక్టర్, వెంట ఓ కానిస్టేబుల్. దొరికితే కేసు, కేసైతే వచ్చే నెల చేరాల్సిన ఉద్యోగం గోవిందా. అతను వంటింట్లో నక్కాడు. సార్ చర్చి పెద్ద, చచ్చినా అబద్ధమాడరు.

"మీ ఇంట్లో ఎవరున్నారు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఇల్లు అన్నారా? కూర్చోండి, కూర్చోండి," అన్నారు సార్.

"అది కాదు సార్, ఒక స్టూడెంట్..."

"ఇప్పుడు మీరూ స్టూడెంటే! అసలు ఈ ‘హౌస్’ అన్న మాట ఎలా పుట్టిందో ఇంతవరకూ ఎవరికీ అంతుపట్టలేదు, తెలుసా?"

డచ్ బహువచనం దగ్గర కానిస్టేబుల్ ఆవులించాడు. ఐస్‌లాండ్ చేరేసరికి ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి తల పట్టుకున్నాడు.

సార్ భార్య సుగుణమ్మ చప్పుడు కాకుండా పెరటి తలుపు తీసింది.

"వెళ్లు నాయనా. ఆయన అబద్ధం ఆడలేరు, పిల్లల్ని పట్టివ్వనూ లేరు. అందుకే ఈ తంటా. ఈ వారంలో నువ్వు మూడోవాడివి."

లక్ష్మీనర్సయ్య సిగ్గుతో కుంచించుకుపోయాడు. "నేను గీ ఇంటి ముందల్నే అరిచిన గదమ్మా."

"విన్నార్లే. గొంతు బాగుందన్నారు."

మర్నాడు క్లాసులో సార్ కళ్లజోడు సవరించుకున్నారు.

"లక్ష్మీనర్సయ్యా, నిన్న పాఠం మధ్యలో లేచిపోయావేం?"

"తప్పయింది సార్. మొదటి నుంచి చెప్పుండ్రి."

క్లాసంతా బెంచీల మీద తలలు వాల్చేసింది. లక్ష్మీనర్సయ్య ఒక్కడే కొత్త నోట్‌బుక్ తెరిచి, పైన ‘ఇల్లు’ అని రాసుకున్నాడు.