తాడు అవతలి మంచు

జూలై నెల, ఆస్ట్రేలియాలో నడి చలికాలం. విక్టోరియా ఎత్తు కొండల్లోని ఒక స్కీ ఊళ్ళో బస్సు దిగాం. మధ్యాహ్నం రెండు దాటింది. సున్నాకి నాలుగు డిగ్రీలు కింద, వాయవ్యం నుంచి గాలి. ఆ గాలికి ముందు చెవులు పోయాయి, తర్వాత ముక్కు, ఆ తర్వాత నా ఉత్సాహం.

నేనప్పుడు మెల్‌బోర్న్‌లో యూనివర్సిటీ రెండో ఏడు. వారమంతా క్లాసులు, శనాదివారాలు ఆర్మీ రిజర్వ్. అమ్మతో తెనాలి నుంచి మెల్‌బోర్న్ పక్కనున్న వెర్రిబీకి వచ్చేటప్పటికి నాకు పదకొండేళ్ళు. పౌరసత్వం రాగానే సైన్యంలో చేరాను. సెమిస్టర్ సెలవుల్లో పది రోజులు మంచుకొండల డ్యూటీ ఉందంటే అందరికంటే ముందు చెయ్యెత్తాను. అప్పటిదాకా నేను చూసిన మంచంతా మా ఇంటి ఫ్రీజర్‌లోదే.

దిగగానే మా లెఫ్టినెంట్ నా భుజం తట్టాడు.

"నీకేం మేట్, హిమాలయాలు మీవేగా!"

తెనాలికీ హిమాలయాలకీ మధ్య ఎంత దేశం ఉందో చెప్పబోయాను. ఆయన అప్పటికే ఇంకొకడి భుజం తడుతున్నాడు. పది రోజులూ అదే జోకు. మొదటిసారి నవ్వాను. మూడోసారి ఊరుకున్నాను. ఆ తర్వాత ఆయన ముందు చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడటం అలవాటు చేసుకున్నాను.

మా పని చిన్నదే. కొండ వెనక లోయలో రెండు దళాలు శిక్షణలో ఉన్నాయి. వాళ్ళ మాట బేస్‌కి చేరాలంటే శిఖరం పక్కన రేకుల గుడిసెలో ఉన్న రేడియో పనిచెయ్యాలి. దానికి కొత్త బ్యాటరీలు మోసుకెళ్ళాలి. మేం ఆరుగురం. ఒక్కొక్కరి వీపున ఇరవై కిలోల పైనే బరువు, బూట్లకు వెడల్పాటి స్నోషూలు, బ్యాటరీలకు మంచు మీద లాక్కెళ్ళే ఒక స్లెడ్జి. పార ఒక్కటంటే ఒక్కటే. అవలాంచ్ వస్తే, అంటే కొండ మీది మంచు విరిగి జారిపడితే, అందులో కూరుకుపోయిన మనిషిని వెతకడానికి బీకన్ అనే పరికరం ఉంటుంది. అది ఎవరి దగ్గరా లేదు.

ఎందుకు లేదని అడిగాను.

"ఆస్ట్రేలియాలో అవలాంచ్‌లు రావు," అన్నాడు లెఫ్టినెంట్.

ఈ మాట నేను తర్వాత చాలామంది నోట విన్నాను. అన్నవాళ్ళలో ఆ కొండ మీద ఒక్క చలికాలం గడిపినవాడు లేడు. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకోవడానికి మనిషికి అంత కష్టమేమిటో నాకిప్పటికీ అర్థం కాదు.

మర్నాడు ఉదయం ఏడుకి బయల్దేరాం. మ్యాపులో దారి సూటిగా ఉంది. స్కీ రిసార్ట్ హద్దుగా కట్టిన తాడు దాటి, బౌల్ అని పిలిచే పెద్ద పల్లాన్ని అడ్డంగా కోసుకుని, అవతలి గట్టెక్కడమే. పన్నెండుకల్లా రేడియో మోగాలని ఆర్డరు. మా ఆరుగురిని నడిపే కార్పొరల్ గిప్స్‌లాండ్‌లో గొర్రెలు పెంచే ఇంటివాడు, మాటలు తక్కువ. స్కీ చేసేవాళ్ళని కుర్చీల్లో కొండపైకి చేర్చే లిఫ్టు పైచివర, స్కీ పెట్రోలర్ల గుడిసె ముందు ఆగాడు.

"మా నాన్న పక్కవాడి పొలంలో వాగు దాటాలన్నా పక్కవాణ్ణి అడిగే దాటేవాడు. పదండి, అడుగుదాం."

స్కీ పెట్రోలర్లంటే రోజూ ఆ కొండను చూసుకునేవాళ్ళు. పొద్దున్నే మంచు పరీక్షిస్తారు, పడ్డవాళ్ళని మోసుకొస్తారు. లోపల ఎర్ర జాకెట్టు వేసుకున్న ఒకావిడ హీటరు దగ్గర చేతి తొడుగులు ఆరబెడుతోంది. యాభై దాటి ఉంటాయి. కార్పొరల్ మ్యాపు పరిచి, బౌల్ ఎలా ఉందని అడిగాడు.

"తాడుకి ఇవతల ఏదైనా అడుగు, చెప్తాను," అందావిడ. "అవతలి సంగతి మేం మాట్లాడకూడదు. రిసార్ట్ మేనేజ్‌మెంట్ రూలు."

"ఎందుకని?"

"బాగుందని చెప్పాక మీకేమైనా అయితే కేసు మా మీదికొస్తుంది. బాగాలేదని చెప్తే టూరిస్టులు బెదురుతారు. అందుకని."

నాకు ఒళ్ళు మండింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు! కొండ గురించి తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంది. ఆ కొండెక్కబోయేవాళ్ళం ఎదురుగా నిలబడ్డాం. మధ్యలో మాట మాత్రం నడవకూడదట.

"ఆంటీ, మీరైతే ఇవాళ అటు వెళ్తారా?" అనేశాను.

ఆంటీ అన్నది నోటి అలవాటు. వెర్రిబీలో అమ్మ వయసు ఆడమనిషి ఎవరు కనిపించినా ఆ మాటే వస్తుంది. కార్పొరల్ కళ్ళు మూసుకున్నాడు. వెనక రేడియో మోసే మా సిగ్నలర్, నర్సింగ్ చదివే అమ్మాయి, కిసుక్కున నవ్వింది.

ఆవిడ చేతిలోది పక్కన పెట్టింది. లేచింది. ఎర్ర జాకెట్టు విప్పి మేకుకి తగిలించింది. స్వెట్టరుతోనే తలుపు తీసుకుని బయటికి నడిచింది.

"ఇప్పుడు నేను రిసార్ట్ మనిషిని కాదు. మీ ఆంటీని. రండి, పారలు తీసుకోండి."

"ఒకటే ఉంది," అన్నాడు కార్పొరల్.

ఆవిడ మా ఆరుగురి మొహాలూ వరసగా చూసి, మమ్మల్ని పంపినవాణ్ణి ఒక తిట్టు తిట్టింది. అది ఇక్కడ రాయను. న్యాయమైన తిట్టే.

గుడిసె వెనక, బౌల్ ఎటు తిరిగి ఉందో అటే తిరిగిన చిన్న వాలు ఉంది. అక్కడ నడుము లోతు తవ్వింది. పక్కలు కోసి మంచును ఒక స్తంభంలా నిలబెట్టింది. అడుగున గాజులా గట్టిపడ్డ పొర కనిపించింది. పోయిన వారం వాన పడి గడ్డకట్టిందట. దాని మీద మూడు రోజులుగా వాయవ్యపు గాలి ఎత్తి తెచ్చి పోసిన కొత్త మంచు, మోకాలి లోతు. స్తంభం నెత్తిన పార ఆనించి అరచేత్తో మెల్లగా తట్టింది. నాలుగో దెబ్బకి పై మంచంతా ఒక్క పలకగా జారి మా కాళ్ళ ముందు పడింది.

కార్పొరల్ వంగి, అడుగున మిగిలిన గట్టి పొరని వేలితో తాకి చూశాడు.

"ఇక్కడ ఇంతే. బౌల్‌లో గాలి దీనికి మూడింతలు పోసింది. పైన అంచు ఇంటిచూరులా ముందుకి వేలాడుతోంది. ఆ వాలు మీద మీ ఆరుగురి బరువు చాలు." ఎడమవైపు చెయ్యి చూపించింది. "తాడు దాటగానే అటు ఎక్కండి. గట్టు వెంట స్నో గమ్ చెట్లుంటాయి. పెద్ద చెట్లు, కొమ్మలు విరక్కుండా ఉన్నచోటే నడవండి, అక్కడ మంచు జారలేదన్నమాట. దూరం దూరంగా నడవండి. మూడింటికి రేడియో గుడిసె కనపడకపోతే వెనక్కొచ్చెయ్యండి. హీరో వేషాలొద్దు."

లోపలికెళ్ళి జాకెట్టు తొడుక్కుంది. గుమ్మంలో నిలబడి, పక్క గదిలోవాళ్ళకి వినపడేలా గట్టిగా అంది: "తాడు అవతలి సంగతి నాకేమీ తెలియదు!"

సిగ్నలర్ రేడియో ఎత్తి బేస్‌లో ఉన్న లెఫ్టినెంట్‌ని పిలిచింది. జీరో అంటే ఆయన, త్రీ అంటే మేం.

"జీరో, ఇది త్రీ. బౌల్ ప్రమాదంగా ఉంది. గట్టు దారిన వెళ్తాం. ఓవర్."

"త్రీ, ఇది జీరో. ఎవరు చెప్పారు? ఓవర్."

"స్కీ పెట్రోలర్. ఓవర్."

"సైన్యానికి దారి చెప్పేది స్కీ టీచర్లా? బౌల్ దారే. పన్నెండుకి రేడియో మోగాలి. హిమాలయా వాడున్నాడుగా మీతో, భయమెందుకు? అవుట్."

కార్పొరల్ మా వైపు తిరిగాడు. "ఆర్డరు మీరుతున్నది నేను. మీరు నా ఆర్డరు పాటిస్తున్నారు. రేపు ఎవరడిగినా ఇదే చెప్పండి." తాడెత్తి పట్టుకుని మమ్మల్ని ఒక్కొక్కరినే దాటించాడు. ఎడమకి ఎక్కాం.

గట్టు దారి మమ్మల్ని పీల్చి పిప్పి చేసింది. స్లెడ్జి చెట్ల వేళ్ళలో ఇరుక్కునేది. ఇద్దరు లాగితే ఇద్దరు తొయ్యాలి. పదకొండుకి మేఘం దిగింది. ముందు నడిచేవాడి వీపు తప్ప ఏమీ కనపడలేదు. కింద కుడివైపు బౌల్ ఉందని తెలుసు, కానీ కనిపించేది తెల్లదనమే. నీళ్ళ సీసా మూత గడ్డకట్టి తిరగలేదు. రెండున్నరకి గుడిసె చేరాం. బ్యాటరీలు మార్చాం. రేడియోలో మొదట వచ్చిన గొంతు లెఫ్టినెంట్‌దే. బతికారా అని అడగలేదు. రెండున్నర గంటల ఆలస్యానికి జవాబు చెప్పమన్నాడు.

ఆ రాత్రి గుడిసెలోనే పడుకున్నాం. తెల్లారేసరికి ఆకాశం కడిగినట్టుంది. మొదట బయటికెళ్ళింది సిగ్నలర్. అక్కడే నిలబడిపోయింది.

బౌల్ విరిగిపోయింది. పై అంచు నుంచి ఈ చివర దాకా కత్తితో కోసినట్టు ఒక గీత, మనిషి ఎత్తున. గీత కింది మంచంతా పోయి, నీలంగా గట్టి పొర మెరుస్తోంది. అడుగున వాగులో ఇటుక బట్టీ కూలినట్టు మంచు దిమ్మలు గుట్టపడి ఉన్నాయి. వాటిలోంచి విరిగిన చెట్ల మొదళ్ళు పైకి లేచి ఉన్నాయి. మ్యాపులో మా దారి సరిగ్గా ఆ గుట్ట మీదుగా పోతుంది. ఎప్పుడు జారిందో తెలియదు. పగలో, రాత్రో. పార ఒక్కటే అని గుర్తొచ్చింది.

బేస్‌లో అందరినీ కూర్చోబెట్టి జరిగింది చెప్పమన్నారు. కార్పొరల్ లేచాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ పెట్రోలర్ పేరు చెప్పి, ఆవిడ వల్లే ఆరుగురం వెనక్కొచ్చామని, సైన్యం తరఫున ఆవిడకి కృతజ్ఞతలు చెప్పాలని అన్నాడు.

లెఫ్టినెంట్ పెన్ను తిప్పుతూ విన్నాడు. "మీరు దాటే టైములోనే జారిందని రుజువేది?"

"లేదు సార్."

"ఎవరికైనా ఏమైనా అయ్యిందా?"

"కాలేదు సార్."

"మరింకేం?"

చూశారా లెక్క! ఏమీ కాలేదు కాబట్టి ప్రమాదమే లేదట. ప్రమాదం లేదు కాబట్టి కార్పొరల్ చేసింది ఆర్డరు ధిక్కారమట. మేం చచ్చి ఉంటే ఆవిడ మాట నిజమయ్యేది. బతికాం కాబట్టి అబద్ధమైంది. ఉన్నమాటంటే ఉలుకెక్కువంటారు. అంత ఉలుకు నేనెక్కడా చూడలేదు.

కార్పొరల్ భుజం మీది రెండు చారల్లో ఒకటి పోయింది. మావాళ్ళెవరో రిసార్ట్‌కి ఫోన్ చేశారు. మీ ఉద్యోగి సైన్యం పనిలో జోక్యం చేసుకుందని ఫిర్యాదు. కార్పొరల్ కృతజ్ఞతతో చెప్పిన పేరే సాక్ష్యమైంది. రెండు రోజుల తర్వాత ఆవిడ ఎర్ర జాకెట్టు బదులు నీలం చొక్కా వేసుకుని కింద లిఫ్టు గేటు దగ్గర టికెట్లు చూస్తూ కనిపించింది. కార్పొరల్ వెళ్ళి క్షమించమన్నాడు. "నువ్వు నిజం చెప్పావు, మేట్. నేనూ అంతే," అని తర్వాతి మనిషి టికెట్టు అందుకుంది.

వెర్రిబీ వచ్చాను. అమ్మ నా పెదాల పగుళ్ళకి నెయ్యి రాసింది. ఆదివారం చర్చి అయ్యాక భోజనాల దగ్గర ఒక అంకుల్ పట్టుకున్నాడు.

"ఏంట్రా, ఆస్ట్రేలియాలో అవలాంచా? ఎవడు చెప్పాడ్రా నీకు? యూట్యూబ్‌లో చూశావా?"

"నా కళ్ళతో చూశానంకుల్."

"సర్లే, ఏం కాలేదుగా! ప్రెయిజ్ ద లార్డ్. బిర్యానీ తిను."

ప్లేటు అక్కడే పెట్టి బయటికెళ్ళిపోయాను. అమ్మ వెనకే వచ్చింది. "పెద్దాయన, ఏదో జోక్ చేశాడులే నాన్నా. ఎందుకంత కోపం?" అంది.

ఆ నెలంతా పొద్దున లేవగానే ఫోన్‌లో ఆ కొండల వార్తలు వెతికేవాణ్ణి. ఏ వార్తా రాలేదు. రాకపోతే ఏమీ కానట్టేనా? అది మా లెఫ్టినెంట్ లెక్క. నాకు ఆ లెక్క మీద నమ్మకం పోయింది.

వెతికింది ఇందుకు. మేం కొండ నుంచి తిరిగొచ్చే రోజుకి ముందు రెండు రోజులూ మళ్ళీ వాయవ్యపు గాలి కొట్టి బౌల్‌లో కొత్త మంచు పోసింది. ఆ ఉదయం మా బస్సు లిఫ్టు గేటుకి ఎదురుగా ఆగి ఉంది. గేటు దగ్గరికి ఇద్దరు కుర్రాళ్ళొచ్చారు, నా వయసువాళ్ళే. నారింజ రంగు సంచులు, పొడవాటి స్కీలు. ఒకడు మ్యాపు తీసి ఆవిడకి చూపించాడు. వేలు తాడుకి అవతల ఎక్కడో పెట్టాడు. ఏదో అడిగాడు.

ఆవిడ నోరు తెరిచింది. పక్కన చేతులు కట్టుకుని సూపర్‌వైజర్ నిలబడి ఉన్నాడు. అతని వైపు చూసింది. నోరు మూసుకుంది. టికెట్టు చూసి, తిరిగిచ్చేసింది.

నేను బస్సు కిటికీ తోసి తల బయటపెట్టాను. బౌల్‌లోకి దిగొద్దు, ఎడమకి ఎక్కండి, చెట్ల వెంట వెళ్ళండి అని గొంతు చించుకున్నాను. ఎడమకి ఎడమకి అని చెయ్యి ఊపాను. లెఫ్టినెంట్ నా కాలరు పట్టుకుని లోపలికి లాగాడు. ఇంజను మోతలో నా మాట నాకే వినపడలేదు.

లిఫ్టు కుర్చీ వాళ్ళని ఎత్తుకుని మేఘంలోకి పోతోంది. రెండోవాడు వెనక్కి తిరిగాడు. యూనిఫాం చూసినట్టున్నాడు. నేను బై చెబుతున్నాననుకుని, నవ్వుతూ చెయ్యెత్తి ఊపాడు.