ఇషాక్ భాయ్ జిలేబీ, చలికాలపు ఈగలు

మా సందులో దేనికి కరువైనా ఈగలకు కరువు లేదు. సిద్దిపేట బస్టాండు వెనక, ఒక పక్క పండ్ల బండ్లు, ఇంకో పక్క మూతలేని మురికి మోరీ, మధ్యలో ఇషాక్ భాయ్ జిలేబీ దుకాణం. దాన్నానుకునే నా గాజుల దుకాణం. ఈగలు ఆయన దగ్గర భోంచేసి నా దగ్గరకొచ్చి పడుకుంటాయి. ఒక చేత్తో గిరాకీ మణికట్టు పట్టుకుని, ఇంకో చేత్తో విసనకర్ర ఊపుతూ గాజులు తొడిగి చూడండి, తెలుస్తుంది నా బాధ.

తప్పు ఆయనదీ కాదు లెండి. సౌదీలో మిఠాయి కొట్టులో గిన్నెలు తోముతూ, కేవలం చూసి జిలేబీ నేర్చుకొచ్చిన మనిషి. అంత లావుపాటి చెయ్యి నూనె మీద ముగ్గు వేసినట్టు తిరుగుతుంది. ఆయనకు ఒకటే కోరిక. ఒక్క పెళ్లికి, ఒక్కటంటే ఒక్క పెళ్లికి మిఠాయి చెయ్యాలి, తిన్నవాళ్లు బాగుందంటుంటే చెవులారా వినాలి. దుకాణంలో పొట్లం కట్టించుకున్నవాళ్లు బస్సెక్కి పోతారు. బాగుందని చెప్పడానికి బస్సు దిగి ఎవరొస్తారు? పెళ్లివాళ్లేమో లోపలికొచ్చి, ఈగల్ని చూసి, "మళ్ల వస్తం భాయ్" అని జారుకునేవాళ్లు. "మళ్ల అంటే ఖయామత్ నాడే, దునియా ఖతమైనంక" అనేది ఆయన భార్య మున్నీబీ.

ఇట్లా ఉండగా నిరుడు చలికాలం సాయంత్రాలు దుకాణాలకు సాంబ్రాణి ఊదు వేసే ఫకీరు రావడం మానేశాడు. ఇషాక్ భాయే లోబాన్‌లో వేపాకు, వాము, ఇంకేవో చెత్తాచెదారం కలిపి సొంతంగా ఊదు తయారుచేసి పొగ పెట్టాడు. ఆ వారమే అద్భుతం జరిగింది.

"అక్కా! ప్రవీణక్కా! జల్ది రా! సచ్చినయి! అన్ని సచ్చినయి!"

ఇషాక్ భాయ్ కేకకు నేను చేతిలో ఉన్న గిరాకీ చెయ్యి వదలకుండానే పరుగెత్తాను, పాపం ఆమె కూడా వచ్చింది. అబ్బో, ఈగలది ఏం చావు! అద్దం మీద, గోడ మీద, ఎత్తుగా ఎక్కి, మూతి అతికించుకుని, రెక్కలు పైకెత్తి కూర్చున్నవి కూర్చున్నట్టే చచ్చాయి. పొట్టలు ఉబ్బి, వాటిమీద తెల్లటి చారలు. ఇషాక్ భాయ్ ఆనందం పట్టలేక ఆ గిరాకీకి కూడా జిలేబీ ఊరికే పెట్టాడు.

డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే సౌమ్య మేడం జిలేబీ కోసం వచ్చి అద్దానికి ముక్కు ఆనించి మరీ చూసింది.

"ఇది నీ ఊదు కాదు భాయ్, బూజు. ఈగ ఒంట్ల చేరి లోపల్నించి తింటది. పొద్దుగూకంగ దాన్ని పైకెక్కిస్తది, రెక్కలు లేపిస్తది. ఈగ సచ్చినంక పొట్టమీదికెల్లి తన విత్తనాలు తుపాకి పేల్చినట్టు ఎగజిమ్ముతది. సుట్టూ తెల్లపొడి కనబడ్తలేదా? అది పడ్డ ఈగ పని గూడ గంతే."

"బూజుకు తుపాకీ యాడిది మేడం?" అని ఇషాక్ భాయ్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నవ్వకు భాయ్. సల్లగ ఉన్నన్ని దినాలే ఈ ఆట. ఎండలు ముదిరితె ఆ విత్తనాలు బయటికి రావు. పైంగ జబ్బు పడ్డ ఈగ పోయి వేడి జాగల కూసుంటది. ఒళ్లు కాగితె లోపలి బూజు సస్తది, ఈగ బతుకుతది. నీ పొయ్యి ఉండనే ఉండె."

"అంటే నా పొయ్యి ఈగల దవాఖానా?"

ఇక వినేదేముంది? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఇషాక్ భాయ్ ఊదు పేరు సందంతా పాకింది. దుబ్బాకలో తువ్వాళ్లు నేసే దత్తాత్రి, కూతురి పెళ్లి గాజుల కోసం నా దగ్గరకు వచ్చినవాడు, పక్క దుకాణంలో ఈగ లేకపోవడం చూసి నోరెళ్లబెట్టాడు.

"ఎండకాలం పెండ్లి భాయ్. జిలేబి నువ్వే చెయ్యాలె. ఒక్క ఈగ వాలినా మొత్తం వాపస్, ఇగ సూస్కో."

"కసమ్ అన్నా! ఒక్కటి గూడ రాదు!"

ఆరోజు నుంచి ఆయన కాళ్లు నేల మీద ఆనలేదు. నాకూ సంబరమే, అబద్ధమెందుకు?

ఎండలొచ్చాయి. మా ఈగలూ వచ్చాయి, పిల్లాజెల్లాతో సహా. ఒక్కటంటే ఒక్కటి రెక్కలెత్తి చస్తే ఒట్టు! జాలీ మూతలు తీసుకుపొమ్మని మొత్తుకున్నాను. ఆయన వినకుండా ఊదు సంచికి రెట్టింపు వేపాకు కలిపి దుబ్బాక బండెక్కాడు. పెళ్లికూతురికి గాజులు తొడగాలని నేనూ వెళ్లాను.

పందిరి నాలుగు మూలలా నిప్పులు పెట్టి పొగ లేపాడు మహానుభావుడు. అయ్యగారు మంత్రం మధ్యలో దగ్గాడు. పెళ్లికొడుకు కళ్లు తుడుచుకుంటుంటే అప్పుడే ఏడుస్తున్నాడేంటని ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. ఆ పొగను చీల్చుకుంటూ వచ్చింది మొదటి ఈగ. జిలేబీ మీద వాలి చేతులు రుద్దుకుంది. వెనకే దాని చుట్టాలు, దాని చుట్టాల చుట్టాలు. మున్నీబీ కొంగు పట్టుకుని విసురుతోంది, విసురుతోంది, చేతులు పడిపోతున్నాయి. ఇషాక్ భాయ్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

పొగలోంచి పంచె ఎగ్గట్టి దత్తాత్రి వచ్చాడు.

"ఏంది భాయ్ గిది?"

"మాట తప్పిన అన్నా. వాపస్ తీస్కపోత."

తల దించుకుని పళ్లెం ఎత్తబోయాడు. అవతలి అంచు ఎవరో గట్టిగా పట్టుకున్నారు. దత్తాత్రి తల్లి పోశమ్మ! బుగ్గలో జిలేబీ ఇంకా నములుతూనే ఉంది.

"యాడికి తీస్కపోతవ్ కొడుకా?"

"ఈగలు అవ్వా..."

"బెల్లం ఉన్నకాన్నే ఈగలు. ఏది తీపో గవాటికి తెల్వదా? పండ్లు లేని నోరు నాది. గిసొంటి జిలేబి నా పెండ్లిల గూడ తినలె. ఇంకో రెండు పెట్టు!"

పందిరంతా నవ్వు. అటునుంచి ఒక ఆకు, ఇటునుంచి ఒక ఆకు ముందుకొచ్చాయి. దత్తాత్రి తల గోక్కుని, ఒక ఈగను తోలి, తనూ ఒకటి నోట్లో వేసుకున్నాడు. రెండోదానికి తనే చెయ్యి చాపాడు.

తిరుగు ఆటోలో ఇషాక్ భాయ్ నాకూ మున్నీబీకీ మధ్య ఖాళీ డేగిసా కౌగిలించుకుని కూర్చున్నాడు. నవ్వుతున్నాడు, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"అవ్వ ఏమన్నది అక్కా? మళ్లొక్కసారి చెప్పు."

సిద్దిపేట వచ్చేదాకా అడుగుతూనే ఉన్నాడు. నేనూ చెబుతూనే ఉన్నాను, ప్రతిసారీ కొంచెం పెంచి.