ఆరు బొడిపెల రాతిగుండు

ఆ రోజుల్లో సిద్దిపేటలో కొమురవ్వ కూర్చోని వాకిలి లేదు. అరిగిపోయిన ఇసుర్రాళ్లకు ఉలితో మళ్లీ గంట్లు పెట్టడం ఆమె పని. గంట్లు సరిగ్గా పడకపోతే జొన్నపిండిలో రాతిపొడి కలిసి ఇంటిల్లిపాది పళ్లు కరకరలాడతాయి. అందుకే ఆడవాళ్లు ఆ రాళ్లను ఎవరికి పడితే వాళ్లకు అప్పగించరు. కొమురవ్వకు మాత్రం ఇరవై ఏళ్లుగా కళ్లు మూసుకుని అప్పగిస్తున్నారు. ఆమెకున్న ఆస్తి ఆ నమ్మకమొక్కటే. దాన్ని చూసుకుని ఆమెకు కొంచెం పొగరు కూడా ఉండేది. ఉంటే తప్పేమిటి?

1943 ఎండాకాలంలో ఊరి బయటి రాకాసి గుళ్లను తవ్వించడానికి హైదరాబాదు నుంచి ఒక సర్కారు సాబ్ వచ్చి డేరా వేశాడు. పేరుకే అవి గుళ్లు. ఏనాటివాళ్లో తమ చచ్చినవాళ్లను పూడ్చి, పైన పెద్ద పెద్ద బండలు కప్పిన సమాధులవి. బండలు కదిలించే కూలికి కొమురవ్వ, ఆమె మొగుడు దుబ్బయ్య కుదిరారు. పాత వస్తువేదైనా దొరికితే ఇనాం కూడా ఇస్తానన్నాడు సాబ్. మూడోనాడు ఒక బండ కింద మట్టిలో కొమురవ్వ చేతికి నల్లరాతి గుండు తగిలింది. బత్తాయిపండంత ఉంది. చుట్టూ ఆరు బొడిపెలు, వాటి మధ్య నున్నటి గాడులు.

దొరికినదాన్ని దొరికినట్టు ఇచ్చేస్తే ఏ గొడవా ఉండేది కాదు. కానీ ఏ రాయి చేతికొచ్చినా ఉలితో ఒక్క దెబ్బ వేసి, లోపల పగులుందేమోనని చప్పుడు వినడం రాతిపనివాళ్ల అలవాటు. ఆమె చెయ్యి ఆమెను అడక్కుండానే ఆ పని చేసింది. రాయి ఖంగుమంది. దాని మీద ఒక తెల్లటి గీత పడింది.

సాబ్ కంటికి మొదట ఆనిందీ ఆ గీతే.

"ఇది పాతది కాదు. ఉలి దెబ్బ ఇంకా పచ్చిగుంది. ఇనాం కోసం నువ్వే చెక్కి పెట్టినవ్" అన్నాడు.

పక్కనున్న లింగమూర్తి, ఊరి భూముల లెక్కలు రాసే పట్వారి, నవ్వాడు. "ఏమే కొమురవ్వా, సర్కారునే మోసం జేద్దామనుకున్నవా?"

పట్వారి నోట్లో పడ్డ మాట ఊరంతా తిరగడానికి ఎంతసేపు? మర్నాడు మూడిళ్లవాళ్లు "ఇప్పుడేం వద్దులే" అని వాకిట్లోంచే పంపేశారు. కొమురవ్వకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. తిన్నగా డేరాకు పోయింది.

"గా తెల్ల గీత నాదే సాబ్, ఒప్పుకుంటున్న. మిగిలిన పని నాది గాదు. ఉలి పడితే గీత పడ్తది. గీ గుండు మీద అన్ని సన్న గుంటలే. రాయితోని రాయిని కొట్టి, ఇసుకతోని రుద్దిన్రు. నేను ఇనుము ముట్టకుంట గిసొంటిదే చేస్త, మీ కండ్ల ముందటనే. రెండు పక్కపక్కన పెట్టి చూడున్రి."

"చేయలేకపోతే?"

"మల్ల ఉలి పట్ట."

వాగులో ఏరుకొచ్చిన గులకరాయే సుత్తి, తడి ఇసుకే ఆకురాయి. డేరా ముందు ఎండలో కూర్చుంది. అయిదోనాడు, మూడు బొడిపెలు తేలాక, రాయి రెండు చెక్కలైంది. లింగమూర్తి మళ్లీ నవ్వాడు. ఆమె ఆ చెక్కల వంక కూడా చూడకుండా లేచి వెళ్లి ఇంకో నల్లరాయి తెచ్చుకుంది. రోజుకు పది మాటలు కూడా మాట్లాడని దుబ్బయ్య నీళ్లూ ఇసుకా మోసుకొచ్చి పక్కన పెట్టేవాడు. ఆమె వేళ్ల మీద తోలు లేచిపోయింది. ఇంకో పన్నెండు రోజులకు ఆరో బొడిపె తేలింది.

సాబ్ భూతద్దం పెట్టి రెండింటినీ చూశాడు. అవే గుంటలు, అదే నునుపు. "మరి ఆ గీత?" అన్నాడు.

కొమురవ్వ ఉలి తీసింది. ఏం చేయబోతోందో అక్కడున్న అందరికీ అర్థమైంది. లోపల పగులుంటే పన్నెండు రోజుల కష్టం ముక్కలవుతుంది.

"వద్దే" అన్నాడు దుబ్బయ్య.

ఆమె కొట్టింది. రాయి ఖంగుమంది, పగల్లేదు. అచ్చం అలాంటి తెల్లటి గీతే పడింది.

సాబ్ కుర్చీలోంచి లేచాడు. "తప్పు నాది కొమురవ్వా. ఇసొంటిది చేయడానికి నీకే పన్నెండు రోజులు పట్టింది, అది దొరికింది తవ్విన మూడోనాడే. ఈ గుండు పాతదే. నీది ఆ గీత ఒక్కటే" అని అందరికీ వినపడేలా అన్నాడు. కొమురవ్వ గుండె మీంచి పదిహేడు రోజుల బరువు దిగింది. నవ్వు దాచుకోలేదు, ఎందుకు దాచుకోవాలి?

"ఇంతకూ దీన్ని దేనికి చేసి ఉంటరు?" అనడిగాడు సాబ్. "తూకం రాయా, వడిసెల రాయా, ఆటవస్తువా? మా పెద్దోళ్లకు గుడ తెల్వదు."

"నాకు మాత్రం ఏం తెలుసు సాబ్. గిది నేనెందుకు చేసిన? నా చెయ్యి అబద్ధమాడదని మీకు చూపెట్టేందుకు. గప్పుడు దీన్ని చేసిన మనిషి ఎవరికి చూపెట్టిందో."

సాబ్ ఆ మాటను తన పుస్తకంలో రాసుకున్నాడు.

సాయంత్రం ఆమె ఇంటికి పోతుంటే లింగమూర్తి వాకిలి తలుపు తెరిచే ఉంది. పట్వారి అంతటివాడు తానే ఇసుర్రాయి పైరాయిని రెండు చేతులా ఎత్తుకుని, రొప్పుతూ తెచ్చి అరుగు మీద పెట్టాడు.

"గంట్లు అరిగినయి కొమురవ్వా. జర చూడు" అన్నాడు, ఆమె మొహం వైపు చూడకుండా.

కొమురవ్వ ఆగి, రాయిని అరచేత్తో ఒకసారి నిమిరింది.

"రేపొస్త దొరా. ఇయ్యాల చేతులు గుంజుతున్నయి."