పెద్దక్క రాసిన జ్వరాలు

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే ఆ కార్ఖానాలో పెద్దక్క సూపర్‌వైజరు. ఆవిరిలోనే ఇరవై రెండేళ్లు గడిపిన మనిషి. ఆమె నోటికి ఎదురు నిలిచినవాడు లేడు. మనసంటారా, వెన్న. ఆ వెన్నే కొంప ముంచింది.

ఇస్త్రీ రోలర్ దగ్గర పనిచేసే మనిషిని అందరూ మడతల బాబాయి అనేవారు. కళ్లు మూసుకుని కూడా దుప్పటి నాలుగు అంచులూ కలిపేవాడు. కళ్లు తెరిస్తేనే కష్టం, అవి ఎర్రగా చింతనిప్పుల్లా ఉండేవి. తాగి వచ్చిన రోజు పెద్దక్క అతన్ని గేటు దగ్గరే ఆపి, చడామడా తిట్టి, ఇంటికి తోలేసేది. హాజరు పుస్తకంలో జ్వరమని రాసేది. జ్వరాలు మరీ ఎక్కువైతే కడుపునొప్పి. ఒకసారి ఏమీ తోచక పంటినొప్పి అని రాసింది. ఆ పన్ను ఊడి అప్పటికే రెండేళ్లయింది.

ఆమె చేరిన కొత్తలో ఓ సూపర్‌వైజరు బాయిలరు మనిషి గురించి నిజాయితీగా తాగుడని రాశాడు. సాయంత్రానికల్లా వాడి ఉద్యోగం ఊడింది. ఆ సంసారం రోడ్డున పడటం ఆమె కళ్లారా చూసింది. ఆ మాట తన చేత్తో రాయనని అప్పుడే ఒట్టు పెట్టుకుంది.

నాలుగేళ్ల కిందట రూలు మారింది. తాగుడు జబ్బేనట. సూపర్‌వైజరు ముందుగా రాసి పంపితే మూడు నెలలు జీతమిచ్చి వైద్యం చేయిస్తారట, ఉద్యోగం ఎక్కడికీ పోదట. నోటీసు చదివి పెద్దక్క పెదవి విరిచింది. పక్క షెడ్డులో ఇద్దరు వెళ్లి బాగుపడి వచ్చినా నమ్మలేదు. అంత మంచి మనిషికి ఇంత మొండితనం ఏమిటో నాకిప్పటికీ అర్థం కాదు.

మొన్న సోమవారం ఆమె గేటు దగ్గరికి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఈలోగా బాబాయి లోపలికి వెళ్లి, తడి దుప్పట్ల బండిని వాలులో వదిలేశాడు. అది కొత్తగా చేరిన అమ్మాయి పాదం మీదుగా పోయింది. రెండు వేళ్లు తీసేశారు. పరీక్షలో అతను తాగినట్టు తేలింది.

పెద్దక్క ఆఫీసుకు పరిగెత్తింది.

"సార్, వాణ్ని వైద్యానికి పంపండి. వాడిది జబ్బు. పదకొండేళ్లుగా చూస్తున్నాను."

ఆఫీసరు ఫైలు తిరగేశాడు. "ఇందులో ఎక్కడా లేదే. జ్వరం, కడుపునొప్పి, పంటినొప్పి. ముందే రాసుంటే జబ్బు కింద చూసేవాళ్లం. ఇప్పుడిది నేరం. ఇవాళ్టితో సరి."

"అవన్నీ నేను రాసిన అబద్ధాలు సార్."

"ఆ ముక్క రాసిస్తే మీ ఉద్యోగం కూడా పోతుందమ్మా. అతనిది మాత్రం తిరిగి రాదు."

అయినా ఆమె కాగితం అడిగి తీసుకుంది. ఇంట్లో మంచాన పడ్డ మొగుడు గుర్తొచ్చాడు. తెల్ల కాగితాన్ని అలాగే బల్లమీద పెట్టి బయటికొచ్చింది.

గేటు బయట బాబాయి చేతిసంచితో నిలబడి ఉన్నాడు.

"ఆ పిల్ల కాలు ఎలా ఉందక్కా?"

"ఇక చెప్పులేసుకుని సరిగ్గా నడవలేదురా."

అతను సంచి కింద పెట్టాడు. తర్వాత ఆమె చేతులు రెండూ పట్టుకున్నాడు.

"ఇంట్లో, వీధిలో అందరూ నన్ను తాగుబోతనే అన్నారు. ఇన్నేళ్లలో ఆ మాట రాయనిది నువ్వొక్కదానివేనక్కా. నీ రుణం తీర్చుకోలేను."

ఆ చేతులు విడిపించుకోవడం ఆమెకు చేతకాలేదు.