చెల్లెలు పంపిన గడ్డి

ఆ వీధిలో అందరూ ఆవిడను టైలరమ్మ అనేవారు. ఎవరినీ నొప్పించే మాట ఆమె నోట రాదు. జాకెట్టు కత్తిరించకముందే "అయిపోయిందమ్మా, గుండీలే మిగిలాయి" అనేది.

తల్లి చివరి చూపుకు చెల్లెలు రాలేదు. అప్పటినుంచి ఒకరి గడప ఒకరు తొక్కలేదు. ఏళ్లు గడిచాయి. అలాంటిది, ఒక ఉదయం చెల్లెలి మొగుడు వ్యానులోంచి రెండు గడ్డి మోపులు దింపాడు.

"పెరట్లో టమాటాలు వేశావట కదా వదినా. మొదళ్ల చుట్టూ పరిస్తే తడి ఆరదని నీ చెల్లెలు పంపింది."

టైలరమ్మ మిషను వదిలేసి పెరట్లోకి పరుగెత్తింది. చంటిపిల్లలకు పక్క వేసినట్టు ప్రతి మొక్క చుట్టూ గడ్డి సర్దింది. సాయంత్రం తనే ఫోను చేసింది. ఇద్దరూ టమాటాల గురించే మాట్లాడుకున్నారు, అమ్మ ఊసు ఎత్తలేదు.

"కాయలు దిగాక వస్తానక్కా" అంది చెల్లెలు.

కాయల మాట దేవుడెరుగు, పువ్వే నిలవలేదు. చిగుళ్లు దారాల్లా సన్నబడి మెలితిరిగాయి, ఆకులు దొప్పల్లా ముడుచుకున్నాయి. తుంచిన కొమ్మ చూసి నర్సరీ అతను పెదవి విరిచాడు.

"తెగులు కాదమ్మా. ఆ గడ్డి కలుపుమందు కొట్టిన చేలోది. మందు మట్టిలోకి దిగింది. ఇక ఇవి బతకవు."

"చెల్లెలికి చెప్పెయ్యరాదూ?" అన్నాడు భర్త.

"ఎంతో ప్రేమగా పంపింది. ఏ మొహంతో చెప్పను?" అంది. ఫోనులో మాత్రం "గుత్తులు గుత్తులుగా కాశాయే" అనేసింది.

ఆ మాట నమ్మి చెల్లెలు ఒకనాడు బుట్ట పట్టుకుని వచ్చింది. నేరుగా పెరట్లోకి వెళ్లింది. టైలరమ్మ వెనకే వెళ్లేసరికి, ఎండిపోయిన మొక్కల ముందు నిలబడి ఉంది.

"నా గడ్డి వల్లేనా?"

"కాదే, ఎండలకి..."

"ఇంకెన్ని అబద్ధాలు చెబుతావక్కా? అమ్మకి బాగానే ఉంది, తొందరేం లేదన్నావ్. నువ్వు చెప్పావనే నేను ఆగిపోయాను!"

"నువ్వు కంగారుపడతావని..."

చెల్లెలు ఏడవలేదు. ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తలేదు.

టైలరమ్మ గడ్డంతా ఎత్తి పారేసి కొత్త నారు పోసింది. అదీ మెలితిరిగింది. అడిగినవాళ్లకు మాత్రం "ఈసారి బాగానే లేచాయి" అంటూనే ఉంది.