బెల్లం మూట, లవంగాల మందు

పోయిన నెల కర్నూలులో మా మనవడిని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. మూడేళ్ళు నిండని పిల్లవాడు. ముందు పళ్ళు అప్పుడే గోధుమరంగుకు తిరిగి, అంచులు కొరికినట్లు అరిగిపోయాయి. డాక్టరమ్మాయి వాడి నోట్లోకి దీపం వేసి చూసి, "రాత్రిపూట పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెడతారా మేడమ్?" అని మర్యాదగానే అడిగింది. మా అమ్మాయి కాలేజీలో పాఠాలు చెబుతుంది, తరగతి మొత్తం నోరు ఒక్క చూపుతో మూయించగల మనిషి. ఆ ప్రశ్నకు మాత్రం తలవంచుకుని చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఇంతలో గదిలో ఎవరో లవంగ నూనె సీసా మూత తీసినట్లున్నారు, ఆ వాసన గుప్పుమంది. నేను చప్పున చేత్తో నోరు మూసుకున్నాను. యాభై దాటినా నా పళ్ళన్నీ గట్టిగానే ఉన్నాయి, దాచుకోవలసింది ఏమీ లేదు. అయినా చెయ్యి దానంతట అదే లేచింది.

ఎమ్మిగనూరులో మాది మగ్గాల వీధి. నేను చెప్పేది డెబ్బైల చివరి సంగతి, నన్ను అప్పుడే బడిలో వేశారు. ఇంట్లో ముందు గదంతా మగ్గమే. దాని కింద తవ్విన గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే అమ్మ నడుము దాకానే కనిపించేది, అందుకని చాలా రోజులు మా అమ్మకు కాళ్ళు ఉన్నది మగ్గం తొక్కడానికే అనుకున్నాను. నాన్న నూలు తేవడానికి, నేసినది ఇచ్చి రావడానికి తిరిగేవాడు. ఇంట్లో ఉండేది అమ్మా, నేనూ, నాన్నను కన్న అవ్వా. చంటి పిల్లలున్న ఇంట్లో మగ్గానికి పెద్ద శత్రువు ఆ పిల్లలే. నేను మొదటిసారి లేచి నిలబడింది పడుగు పోగులు పట్టుకునే అట. మా వీధిలో బిడ్డ నిలబడితే ముందు పోగులు తెగాయేమో చూసుకుని, ఆ తర్వాత సంతోషించేవాళ్ళు. దీనికి మా వీధి కనిపెట్టిన ఉపాయం బెల్లం మూట. పాత చీర ముక్కలో బెల్లం, పుట్నాల పొడి వేసి, మెలిపెట్టి, దారంతో బిగించి బిడ్డ నోటికి అందిస్తే పూటంతా చప్పరిస్తూ పడి ఉంటుంది. మా అమ్మ మూట కట్టడంలో నేర్పరి. బడికి పోయే వయసు వచ్చినా నాకు ఆ అలవాటు పోలేదు. మధ్యాహ్నం బడి నుంచి రాగానే మగ్గం పక్కన చాప మీద పడుకుని నోరు తెరిచేదాన్ని, అమ్మ నాడె విసరడం ఆపకుండానే ఒక చేత్తో మూట అందించేది.

నా ముందు పళ్ళు ఎప్పుడు నల్లబడ్డాయో నాకు తెలియదు, నాకు ఊహ తెలిసేసరికే అవి అలా ఉన్నాయి. బడిలో నన్ను "పుప్పిపండ్ల పాప" అనేవాళ్ళు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం, పెదవులు కదపకుండా పద్యం అప్పజెప్పడం అప్పుడే నేర్చుకున్నాను. పళ్ళలో పురుగు పడిందని అవ్వ తీర్మానం చేసి, వాకుడు గింజలు నిప్పుల మీద వేసి నా నోటికి పొగ పట్టేది. పురుగులు రాలలేదు గానీ నాకు కళ్ళవెంట నీళ్ళు మాత్రం ధారగా రాలేవి. ఆ ఏడు వానలు మొదలయ్యే రోజుల్లో దవడ పన్ను సలుపు పట్టుకుంది. బుగ్గ వాచి, జొన్నరొట్టె పాలలో నానబెట్టి పెట్టినా నమలలేక ఏడ్చేదాన్ని. చివరికి అమ్మ మగ్గం మీద గుడ్డ కప్పి, అవ్వను వెంటబెట్టుకుని నన్ను ఆదోని బస్సెక్కించింది.

ఆదోని బజారులో ఒక మేడమెట్ల కింద పళ్ళు చూసే సాయిబు గది ఉండేది. తెల్లగడ్డం, ఇస్త్రీ చొక్కా. బల్ల మీద కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది పత్తి బేరాలకు వచ్చి పనిలో పనిగా పన్ను చూపించుకునేవాళ్ళు. కాలితో తొక్కితే తాడు తిరిగి, ఆ తాడు కొసన సూది తిరిగే యంత్రం ఒకటి ఉండేది ఆయన దగ్గర. దాన్ని చూడగానే నాకు గుండె ఆగినంత పనయింది. అవ్వ మాత్రం దగ్గరికి పోయి ఆయన పాదం కేసి చూసి, "ఈయప్ప గూడ మన మాదిరే తొక్కి బతుకుతాండాడు గదే!" అని అమ్మతో ఆశ్చర్యంగా అంది. ఆయన నవ్వి, నా నోరు చూసి, అమ్మకు నిదానంగా చెప్పాడు. "రాలిపోయే పండ్లకు వెండి యాలమ్మా? ముందు పండ్లకు ఈ లవంగాల మందు సాలు, కొత్తవి వచ్చేదాంక కాస్తాది. ఎనక పన్ను నమిలే పన్ను, దానికి మాత్రం వెండి పెడతా." గాజు పలక మీద తెల్లపొడి పోసి, లవంగ నూనె చుక్కలు వేసి, చిన్న కత్తితో గంజి కలిపినట్లు కలిపాడు. ఆ ముద్దను నా ముందు పళ్ళ గుంటల్లో అద్ది అద్దం చూపించాడు. తెల్లగా కనిపించాయి! నేను అద్దంలో చెయ్యి అడ్డం లేకుండా నవ్వుకున్నాను. అమ్మ నా వెనక నిలబడి ఆ అద్దంలోనే నాతోపాటు నవ్వింది.

తర్వాత వెండి వంతు. చిన్న కల్వంలో వెండిపొడి, పాదరసం వేసి నూరాడు. ఆ ముద్దను గుడ్డముక్కలో వేసి, కొసలు దగ్గరికి తెచ్చి గట్టిగా మెలిపెట్టాడు, ఎక్కువైన పాదరసం బయటికి పోవడానికి. పిండుతూ మాట వరసకు, "ఎమ్మిగనూరు మగ్గాల ఇండ్ల పిల్లోళ్ళు మస్తుగా వస్తాండారమ్మా నా కాడికి. అందరికీ ముందు పండ్లే పోతాయి. ఏం తినిపిస్తారు మీరు?" అన్నాడు. అమ్మ, "అందరి మాదిరే, రొట్టె, సంగటి" అంది. ఆ మాట పూర్తి కాకముందే నేను ఆయన చేతిలో మెలి తిరిగిన గుడ్డను చూశాను. కుర్చీలోంచి ముందుకు వంగి, కళ్ళు మూసుకుని, పెదవులు సున్నాలా చుట్టి నోరు చాపాను.

నేను కళ్ళు తెరిచేసరికి సాయిబు చేతిలోని గుడ్డను, నా నోటిని, అమ్మను మార్చి మార్చి చూస్తున్నాడు. "ఓహో, ఇదా సంగతి" అన్నాడు మెల్లగా. తిట్టలేదు, తిట్టినా బాగుండేది. "లోపల బెల్లమా అమ్మా?" అని అడిగాడంతే. బల్ల మీది పత్తివాళ్ళు మెడలు చాపి చూశారు. అమ్మ ముఖం నల్లబడిపోయింది. కొంగు పళ్ళ మధ్య పెట్టుకుని నేల చూస్తూ నిలబడింది. అప్పుడు అవ్వ, అమ్మ వండిన కూరలో ఉప్పు దగ్గర్నుంచి నాకు వేసిన జడ దాకా దేన్నీ ఏనాడూ మెచ్చుకోని మా అవ్వ, లేచి నిలబడింది. "ఆయమ్మనెందుకు అడుగుతావప్పా? నేనే పెడతాంటి. ముసలిదాన్ని, బిడ్డ ఏడిస్తే ఓర్సుకోలేక పెడతాంటి. కోడలికి ఎరికే లేదు" అంది. సాయిబు తల ఊపి, నమ్మినట్లే నా దవడలో వెండి అద్దాడు. అబద్ధమని నాకు తెలుసు. ఏదో చెడ్డపని నా నోటివల్ల బయటపడిందని కూడా తెలిసింది. బస్సులో అంతదూరమూ అమ్మ కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

ఇంటికి వచ్చి అమ్మ మూటగుడ్డలన్నీ పొయ్యిలో వేసింది. వీధిలో అడిగినవాళ్ళకు కూడా అవ్వ ఆ మూటలు తనే పెట్టానని చెప్పింది. లవంగాల మందు అంచుల నుంచి కొంచెం కొంచెంగా ఊడి జొన్నరొట్టెతోపాటు నా కడుపులోకి పోయింది, మళ్ళీ పోయి పెట్టించుకున్నాం, మళ్ళీ ఊడింది. దానికి నాకు బాధ లేదు. నేను నవ్వితే అమ్మ ముఖం తిప్పుకోవడం మొదలుపెట్టింది, దానికి బాధపడ్డాను. అంతకుముందు నా పళ్ళలో పురుగును చూసేది, ఇప్పుడు తన చేతులు చేసిన పనిని చూస్తోంది. అది నాకు అప్పుడెలా తెలుస్తుంది? నా ముఖం అమ్మకు అసహ్యమయిందని అనుకుని ఇంట్లో కూడా చెయ్యి అడ్డం పెట్టుకోసాగాను.

కొన్నాళ్ళకు పక్కింటి వదిన తన చంటిదానికి మూట కడుతుండగా అమ్మ చూసింది. మగ్గం గుంతలోంచి లేచి, నా రెక్క పట్టుకుని వాళ్ళ వాకిట్లోకి లాక్కుపోయింది. వీధిలో కండెలు చుట్టే ఆడవాళ్ళంతా ఉన్నారు. అందరి ముందూ నా గడ్డం పట్టి, బొటనవేలితో పై పెదవి పైకెత్తింది. "సూడు. బెల్లం మూట సేసిన పని సూడు" అంది. వదినకు కోపం వచ్చింది. "పెట్టింది మీ అత్త అంటిరి గదా! నీ బిడ్డ పుప్పిపండ్లు తెచ్చి నా బిడ్డకు సూపిస్తావా?" అంది. అమ్మ నా పెదవి మీది వేలు తియ్యలేదు. "మాయత్త కాదు. నా సేతుల్తో నేనే కట్టిచ్చినా" అంది. మా గడప మీద కూర్చున్న అవ్వ ఆ మాట విన్నది. ఆ రాత్రి కూరలో ఉప్పు గురించి ఏమీ అనలేదు.

అమ్మ అంతటితో ఆగలేదు. ఎవరింట్లో బిడ్డ పుట్టినా నన్ను తీసుకుపోయి పెదవి ఎత్తేది. కొందరు విన్నారు, కొందరు దిష్టి తగులుతుందని తలుపు వేసుకున్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఎంత దాచుకున్నా లాభం లేదు, దాచుకునే నోటిని అమ్మే పదిమందిలో తెరుస్తోంది. పాలపళ్ళు ఒక్కొక్కటే ఊడుతుంటే పండగలా ఉండేది నాకు. వెండి పెట్టిన పన్ను ఊడిన రోజున దాన్ని పేడముద్దలో పెట్టి మిద్దె మీదికి కాదు, మిద్దె దాటి అవతలి సందులోకి విసిరాను, అమ్మకు దొరక్కుండా. కొత్త పళ్ళు తెల్లగా వచ్చాయి. అమ్మ మళ్ళీ నా ముఖం చూసి నవ్వింది. నేను మాత్రం చాలాకాలం నవ్వలేదు.

ఆ డాక్టరు దగ్గర్నుంచి తిరిగొస్తూ ఆటోలో మా అమ్మాయికి ఇదంతా చెప్పాను. నిన్న తనే ఫోన్ చేసింది. ఎదురింటి అమ్మాయి బిడ్డ నోట్లో పాలసీసా పెట్టి జోకొడుతుంటే చూసి, మనవడిని ఎత్తుకుపోయి వాడి పెదవి ఎత్తి చూపించిందట, "నేనే చేశాను" అని చెప్పిందట. "వాడు సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదమ్మా" అంది, ఏడుపు ఆపుకుంటూ. మాట్లాడకపోతే పోనీలే అన్నాను. మా అమ్మ మీది కోపం నాకు పాలపళ్ళతో ఊడిపోలేదు. నేను తల్లినయ్యాక కూడా కొంత మిగిలింది, అది పూర్తిగా పోయేసరికి అమ్మే లేదు. వాడికి అంతకాలం పట్టకపోతే చాలు.