మూత మూస్తే నిద్రపోతది

మా అన్న ల్యాప్‌టాప్‌ను ఎన్నడూ ఆఫ్ చెయ్యలేదు. రాత్రి మూత మూసేవాడు, పొద్దున తెరిచేవాడు. "మూత మూస్తే నిద్రపోతది, తెరిస్తే లేస్తది. నడుమ మనకేం పని?" అనేవాడు.

బోధన్‌లో ఆయనకు చిన్న డీటీపీ షాపు ఉండేది. పెళ్లి కార్డులు, కొత్త హోటలు కరపత్రాలు, తప్పిపోయిన బర్రె కోసం ప్రకటనలు, అన్నీ చేసేవాడు. మాది మెథడిస్టు కుటుంబం కనుక మా చర్చి వాళ్ల జ్ఞాపకార్థ కూడికల కార్డులు కూడా ఆయన దగ్గరికే వచ్చేవి. వాటిలో పేరు మారుతుంది, ఫొటో మారుతుంది, కింది లైను మాత్రం మారదు: ప్రభువునందు నిద్రించిరి. ఆ లైనును ఒక మూల తయారుగా పెట్టుకొని, అవసరం వచ్చినప్పుడల్లా తెచ్చి అతికించేవాడు. మాలో ఎవరూ చనిపోరు, నిద్రిస్తారు. అదొక మర్యాద. ల్యాప్‌టాప్‌లు తయారుచేసే వాళ్లకు కూడా ఆ మర్యాద తెలిసినట్టుంది.

నిరుడు ఎండాకాలం ఒక సాయంత్రం ఆయన ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. వదిన అన్నానికి పిలిచింది. "ఒక్క పని మిగిలింది, ఇగ వస్తున్న" అన్నాడు. కాసేపాగి మళ్లీ పిలిచింది. అదే జవాబు. ఆ తర్వాత పిలవలేదు, అరిచింది. మూత మూసి వచ్చి తిన్నాడు, పడుకున్నాడు. తెల్లవారి లేవలేదు. గుండె అన్నారు డాక్టరు. ఆయన కార్డును వేరే షాపులో చేయించవలసి వచ్చింది. కింది లైనులో అచ్చుతప్పు పడింది. అన్న చూసి ఉంటే ఊరుకునేవాడు కాదు.

ఆ తర్వాత వదిన ఆ ల్యాప్‌టాప్‌ను ఎవరినీ ముట్టనివ్వలేదు. ఉరుము వస్తే కాలిపోతుందని ఛార్జరును గోడనుంచి పీకేసింది. అది అన్న పద్ధతే, ఆయన ఉన్నప్పుడు విసుక్కునేది, పోయాక తానే పాటించింది. పాత చీర ముక్క చుట్టి బీరువాలో బట్టల మధ్య పెట్టింది. ఎవరైనా అడిగితే "నిద్రల ఉన్నది, ఉండనీ" అనేది. నిద్రలో ఉన్న యంత్రం కూడా లోపల కొంచెం కొంచెం తింటూనే ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పదగిన మనిషి ఒక్కడే ఉండేవాడు.

నేను నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. అన్న పోయి ఏడాదయ్యే నాటి కూడిక దగ్గరపడుతుంటే ఏర్పాట్ల కోసం బోధన్ వెళ్లాను. కుర్చీల సంగతి, పాస్టరు గారికి కబురు సంగతి మాట్లాడుతూ వదిన ఉన్నట్టుండి అంది.

"తమ్మీ, గది లేపాలె."

"ఏంది వదినా?"

"మీ అన్నది."

అన్ననే లేపమంటోందనుకున్నాను. మా మతంలో అటువంటి ఆశకు చోటుంది గాని, అది నా చేతిలో పని కాదు. అప్పుడామె బీరువా తెరిచి చీర ముక్క విప్పింది. ల్యాప్‌టాప్ సంగతి.

"ఇప్పుడెందుకు వదినా?"

"ఒక్క పని మిగిలింది అన్నడు. నేను ఒర్లితి. సగంల ఇడిసిపెట్టి వచ్చిండు. గా పని ఎవలిదో ఏమో. కూడిక లోపట సూసి, సగం ఉంటె నువ్వన్న పూర్తిజెయ్యి."

"యాడాది అయిపాయె. పెండ్లి కార్డైతే వాళ్లకు పిల్లగూడ పుట్టి ఉంటది."

ఆమె నవ్వలేదు. నా హాస్యానికి మా ఇంట్లో పెద్ద గిరాకీ ఎప్పుడూ లేదు.

"పుట్టనీ. నేను ఒర్లకపోతే గా పని అయిపోతుండె గదా. కంచం ముందట కూసున్నప్పుడల్ల నాకు గదే యాదికొస్తది."

ఆమె ఎందుకంత చిక్కిపోయిందో నాకప్పుడు అర్థమైంది. చర్చిలో అందరూ దుఃఖం అనుకుంటున్నారు. దుఃఖమే, కాని దానికొక ముల్లు ఉంది.

బటన్ నొక్కాను. ఏమీ కాలేదు. ఛార్జరు పెట్టాను. లైటు వెలగలేదు. ప్లగ్గు మార్చాను, టీవీ స్విచ్చుకు పెట్టాను, పిన్ను మీద నోటితో ఊదాను, మళ్లీ నొక్కాను. పీజీ చదివిన చదువు అక్కడికి సరిపోయింది.

"లేస్తలేదా?" అంది వదిన, వెనక నిలబడి.

"లేస్తలేదు."

ఆ రెండు మాటలూ అన్న లేవని పొద్దున, నేను పరుగెత్తుకొచ్చినప్పుడు, అదే గదిలో అనుకున్నవే. ఇద్దరికీ గుర్తొచ్చింది. ఇద్దరం ఛార్జరు వైపు చూశాం.

మరునాడు దాన్ని ఒళ్లో పెట్టుకొని నిజామాబాద్ బస్సెక్కాను. ఒకప్పుడు ఈ దారిలో చెరుకు బండ్లు బస్సులకు దారి ఇచ్చేవి కావు. చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక రెండు వైపులా వరి, సోయా. షుగర్ అనే మాట ఇప్పుడు బోధన్‌లో డాక్టర్ల దగ్గరే ఎక్కువగా వినబడుతుంది.

బస్టాండు వెనక సందులో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే భాయ్ ఒకాయన ఉన్నాడు. మా కాలేజీ ల్యాబులో ఏది ఆగినా ఆయన దగ్గరికే పోతుంది, తిరిగి వచ్చాక ఇంకేదో ఆగుతుంది. ల్యాప్‌టాప్‌ను ఒక్కసారి అటూ ఇటూ తిప్పి తీర్పు చెప్పేశాడు.

"మదర్‌బోర్డు పోయింది సార్."

"విప్పకుండనే?"

"తజుర్బా సార్. సూస్తెనే తెలుస్తది."

"ముందు ఛార్జరన్న సూడు భాయ్."

మీటరు పెట్టి చూశాడు. ముల్లు కదలలేదు. మొహంలో ఏ మార్పూ లేకుండా తన తీర్పు తానే కొట్టేశాడు. "ఛార్జర్ల దమ్ము లేదు. మదర్‌బోర్డు బతికుండొచ్చు." తన దగ్గరున్న వేరే ఛార్జరు పెట్టాడు. నారింజ రంగు లైటు మినుకుమని ఆరిపోయింది. అప్పుడు అడుగు మూత విప్పాడు. బ్యాటరీ పూరీలా ఉబ్బి ఉంది.

"ఎన్ని దినాలు బంద్ పెట్టిండ్రు సార్?"

"యాడాది. నిద్రలో ఉండె."

"నిద్ర కాదు సార్, ఉపాసం. రోజా అయితే పొద్దుగూకి మగ్రిబ్‌కన్న ఇడుస్తరు. దీనికి గది గూడ లేదు."

ఉబ్బిన బ్యాటరీని మెల్లగా లేపి ఇసుక డబ్బాలో పెట్టాడు. అంటుకుంటే షాపు పోతుందట. తర్వాత, కొత్తగా విండోస్ వేస్తాను, గుర్రంలా ఉరుకుతుంది అన్నాడు. నేను గాభరాగా చేయి అడ్డం పెట్టాను.

"ఒద్దు భాయ్. ఏడ ఆగిందో గాడనే లేవాలె."

"అట్ల గ్యారంటీ లేదు సార్. నిద్రల ఉన్నది బ్యాటరీ అయిపోతే అంత మర్సిపోతది. కొన్ని హుషారుగుంటయి, ఇగ అయిపోతున్న అని తెలిసి, ఉన్నదంత డిస్కు మీద రాసుకొని పండుకుంటయి. మీది ఏ రకమో ఖుదాకు తెల్వాలె."

పోబోయే ముందు అన్నీ రాసిపెట్టి పోయే గుణం మా అన్నలో లేదు. ఆయన ల్యాప్‌టాప్‌లో ఉంటుందని ఆశించడం ఎక్కువే. అయినా డిస్కును ముట్టుకోవద్దని బతిమాలాను. నేను వినేలా లేనని భాయ్ డిస్కును పూర్తిగా ఊడదీసి నా చేతిలో పెట్టాడు. "పట్టుకోండ్రి. ఇది లేకుండ పానం ఉన్నదో లేదో సూస్త." అరచేతిలో ఇమిడిపోయింది. అన్న కాలేజీ రోజుల నుంచి చివరి సాయంత్రం దాకా అందులో ఉన్నాడు. చొక్కా జేబులో వేసుకోవచ్చు.

బ్యాటరీ, ఛార్జరు రెండూ లేకుండా బటన్‌ను చాలాసేపు నొక్కిపట్టాడు. లోపల ఇరుక్కున్న కరెంటు వెళ్లిపోవాలట. తర్వాత ఛార్జరు ఒక్కటే పెట్టి నొక్కాడు. ఫ్యాను తిరిగింది, తెర నల్లగానే ఉంది, ఫ్యాను ఆగింది. ర్యామ్ ముక్కను ఊడదీసి, పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో దాని అంచులు రుద్దాడు. మళ్లీ పెట్టి నొక్కాడు. కంపెనీ గుర్తు వెలిగింది. కింద డిస్కు కనబడడం లేదని ఇంగ్లిషులో ఫిర్యాదు.

"మొత్తుకుంటుందంటే బతికినట్టే" అన్నాడు భాయ్.

డిస్కును తిరిగి బిగించాడు గాని, వదిన కళ్లముందే లేపాలని నేను అడిగితే ఆన్ చెయ్యలేదు. ఆయన ఛార్జరే నాకిచ్చాడు. "బ్యాటరీ హైదరాబాద్ నుంచి రావాలె సార్. అందాక తీగ మీదనే బతుకుతది. కరెంటు పోయిందంటే ఇది గూడ అప్పుడే పోతది. యాదుంచుకోండ్రి."

బ్యాటరీ వచ్చేదాకా ఆగుదామని ఫోన్‌లో వదినకు చెప్పాను. "యాడాది ఆగిన గదా" అంది. అది ఒప్పుకోవడమో కాదో నాకు తెలుసు. మధ్యాహ్నం బస్సుకే తిరిగి వెళ్లాను.

బోధన్‌లో దిగేసరికి మబ్బు పట్టింది. వదిన కూర పొయ్యి మీద పెట్టి నా కోసం చూస్తోంది. బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి, ఛార్జరు గుచ్చి, బటన్ నొక్కాను. గుర్తు వెలిగింది. దాని కింద, ఆగిన చోటునుంచి మొదలుపెడుతున్నట్టు ఒక మాట వచ్చింది. యంత్రం హుషారు రకమే. దాని యజమాని కన్నా ముందుచూపు ఉన్నది.

పాస్‌వర్డ్ వదినకు తెలుసు. షాపు పేరే, ఊరందరికీ తెలిసి ఉంటుంది. ఆమె పక్కన కూర్చొని ఒక్కొక్క అక్షరం వెతికి నొక్కింది. తెర మీద ఆకుపచ్చ రంగు పరుచుకుంది. దాని మీద పత్తాలు, అంటే పేక ముక్కలు. ఒక్కడే కూర్చొని ఆడే పత్తాలాట, సగంలో.

కింద ఇంకేదైనా తెరిచి ఉందేమోనని వెతికాను. పెళ్లి కార్డు లేదు, కరపత్రం లేదు, నిద్రించిన వాళ్లెవరూ లేరు. ఆట ఒక్కటే.

"గిదేనా పని?" అంది వదిన.

"గిదే ఉన్నది వదినా."

నేనొక జోకు వేద్దామనుకొని మానుకున్నాను. నా జీవితంలో నేను వేసిన మంచి జోకుల్లో అదొకటి. ఆమె వంగి ఒక్కొక్క వరుస చూస్తోంది. కరోనా రోజుల్లో షాపు మూసి ఉన్నప్పుడు అన్న ఆమెకు ఈ ఆట నేర్పాడని అప్పటిదాకా నాకు తెలియదు.

"కదలది" అంది చివరికి. "సూడు, గా ఎర్ర ఎనిమిది మీదికి నల్ల ఏడు రావాలె. నల్ల ఏడులు రెండు కిందనే ఇరుక్కున్నయి. ఇగ ఎటూ కదలది. గందుకే మూసిండు."

"అంతేనేమో వదినా."

"నేను ఒర్లినందుకు గాదు. ఓడిపోయినంక అచ్చిండు తినేతందుకు." కొంచెం ఆగి, "ముందుగాల పిలిసినప్పుడు రాలె సూడు" అంది. ఆ గొంతులో పాత కోపం ఉంది. ఏడాదిగా ఆమె ఆయన మీద కోపం తెచ్చుకోలేదు. పోయినవాళ్ల మీద తెచ్చుకోకూడదని మాకు ఎవరో నేర్పారు.

"ఫోన్ల ఫొటో తీస్త ఉండు."

"ఒద్దు. గోడకు ఉన్నది గదా ఒకటి."

"మరి మూత ముయ్యాల్నా?"

"మూస్తే మల్ల నిద్రపోతదా?"

"పోతది. బ్యాటరీ లేదు గదా, కరెంటు పోతే మాత్రం మర్సిపోతది."

"అయితే తెరిసే ఉండనీ" అని పొయ్యి దగ్గరికి వెళ్లింది. నేను పత్తాలను చూస్తూ కూర్చున్నాను. ఎక్కడైనా ఒక ఎత్తు మిగిలి ఉందేమోనని వెతికాను. ఆమె చెప్పింది నిజమే. బయట గాలి లేచింది, ఎక్కడో రేకు కొట్టుకుంది. ఇంట్లో ఫ్యాను నెమ్మదించింది, దానికన్నా ముందే తెర నల్లబడింది. చప్పుడేమీ చెయ్యలేదు.

"పోయిందా?" వంటింట్లోంచి వదిన.

"పోయింది."

కరెంటు పోయినప్పుడు మా ఇంట్లో తర్వాతి ప్రశ్న ఎప్పుడొస్తది అని. ఆమె అడగలేదు. నల్లటి తెరలో నా మొహం కనబడింది. ఈ వెలుతురులో అన్న పోలిక కొంచెం ఉంటుంది.

"అన్నం పెట్టిన తమ్మీ, రా."

ఒక్క పిలుపుకే లేచి వెళ్లాను. ఇద్దరం మసక చీకట్లో కూర్చొని తిన్నాం. వాన పడలేదు. ఆమె కంచంలో ఆ రోజు కూడా సగం మిగిలింది.